షుగర్ వచ్చాక కొట్టిన ఐదో గోల్డ్ | స్టీవ్ రెడ్‌గ్రేవ్ కెరీర్ రివ్యూ

ఏంటి గురూ, బావున్నారా అందరూ. ఈ వారం సినిమా రివ్యూ లేదు, ముందే చెప్పేస్తున్నా, కింద తిట్టుకోవద్దు. ఈసారి ఒక మనిషి కెరీర్‌ని రివ్యూ చేద్దాం. పేరు స్టీవ్ రెడ్‌గ్రేవ్, ఊరు ఇంగ్లండ్‌లో మార్లో, ఆట రోయింగ్. 1984 నుంచి 2000 దాకా వరసగా ఐదు ఒలింపిక్స్, ఐదింట్లోనూ గోల్డ్.

రోయింగ్ తెలీనోళ్లకి రెండు ముక్కలు. మన వైజాగ్ జాలారిపేటలో తెప్ప తోసేవాళ్లు ఎదురొచ్చే కెరటాన్ని చూస్తూ తెడ్డేస్తారు కదా, వీళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు, అంటే ఫినిష్ లైన్ వీపు వెనకాల ఉంటది, కళ్ల ముందు కనపడేది వెనకబడిపోయినోళ్లు మాత్రమే. సీటు కింద చక్రాలుంటాయి, ముందుకీ వెనక్కీ జారుద్ది, కాబట్టి చూట్టానికి చేతుల పనిలా ఉన్నా అసలు బలం మొత్తం కాళ్లదే. బోటు ఎంత సన్నగా ఉంటదంటే మన ఆర్కే బీచ్‌లో దింపితే మొదటి కెరటానికే బోల్తా, అందుకే కదలని నీళ్లలోనే పెడతారు. దూరం 2000 మీటర్లు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఎక్కి బీచ్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు అనుకోండి, ఆదివారం సాయంత్రం ఆటోకి కూడా ఆరు నిమిషాలు చాలదు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెడ్‌గ్రేవ్, ఇంకో ముగ్గురు కలిసి 5 నిమిషాల 56 సెకన్లలో లాగేశారు.

ఫస్టాఫ్ ఫాస్ట్‌గా చెప్పేస్తా. 1984 లాస్ ఏంజెలెస్, నలుగురు రోయర్లు, దారి చూపించే కాక్స్ ఒకడు. 1988 సియోల్‌లో ఆండీ హోమ్స్‌తో ఇద్దరి బోట్లో గోల్డ్, అదే ఒలింపిక్స్‌లో కాక్స్ ఉన్న పెయిర్‌లో బ్రాంజ్ కూడా. 1992 బార్సిలోనాలో కొత్త పార్ట్‌నర్ మాథ్యూ పిన్సెంట్, అక్కడ దాదాపు 5 సెకన్ల తేడాతో గెలిచేశారు, నిజం చెప్పాలంటే ఆ రేసు చూస్తే బోరే, టెన్షన్ ఏం లేదు. 1996 అట్లాంటా మాత్రం వేరు, ఆ ఒలింపిక్స్ మొత్తంలో బ్రిటన్‌కి వచ్చిన గోల్డ్ అదొక్కటే, అది కూడా వీళ్లిద్దరిదే. బోటు దిగగానే అలిసిపోయి ఇంక నన్ను బోటు దగ్గర ఎవరైనా చూస్తే కాల్చేయండి అన్నాడు టీవీలో. తర్వాత కొన్నాళ్లకే మళ్లీ బోటెక్కాడనుకోండి, అది వేరే విషయం.

నా దృష్టిలో అసలు సినిమా ఇక్కడే మొదలవుద్ది. 1997లో షుగర్ బయటపడింది. విపరీతమైన దాహం. మా నాన్నకి కూడా అలాగే మొదలైంది, రాత్రి నాలుగుసార్లు లేచి చెంబులు చెంబులు నీళ్లు తాగేవాడు, మర్నాటి నుంచి మా ఇంట్లో స్వీట్ డబ్బా బీరువాలోకి వెళ్లిపోయింది. షుగర్ అంటే మనకి తిండి తగ్గించడమే కదా. ఈయనకి అది కుదరదు, ట్రైనింగ్‌కి రోజుకి 6000 కేలరీల దాకా కావాలి, తిండి తగ్గిస్తే బోటు కదలదు, తింటే షుగర్ పెరుగుద్ది. అందుకని తిండి తగ్గించకుండా దానికి తగ్గట్టు ఇన్సులిన్ లెక్కేసుకుంటూ, రోజుకి చాలాసార్లు రక్తం చూసుకుంటూ, సూది వేసుకుంటూ ట్రైనింగ్ చేశాడు. ఐదు గోల్డ్‌లు అని అందరూ ఆ నంబర్ దగ్గరే ఆగిపోతారు గానీ, ఈ మూడేళ్ల లెక్క లేకపోతే అది నాలుగే కదా.

ఇంకోటి, ఈసారి ఇద్దరి బోటు కాదు, నలుగురిది, ఆ నలుగురేం ఫేవరెట్లుగా నున్నగా వెళ్లిపోలేదు. సిడ్నీకి రెండు నెలల ముందు స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగిన రేసులో ఓడిపోయారు, నాలుగో ప్లేసు. అప్పటికి ఈయనకి 38 ఏళ్లు, ముసలోడైపోయాడు దిగిపో అనే టైపు మాటలు ఎన్ని పడుంటాయో మనకి తెలీనిది కాదు.

ఇప్పుడు 2000 సెప్టెంబర్ 23, సిడ్నీ దగ్గర పెన్‌రిత్, ఒలింపిక్ ఫైనల్. బోట్లో పిన్సెంట్, టిమ్ ఫోస్టర్, జేమ్స్ క్రాక్‌నెల్, రెడ్‌గ్రేవ్. టైం లేకపోతే 1500 మీటర్ల దగ్గర్నుంచి చూడండి, సౌండ్ పెంచుకుని. వీళ్లు ముందున్నారు, ఇటలీ బోటు వచ్చేస్తా ఉంటది, ఒక్కో తెడ్డుకీ కొంచెం కొంచెం దగ్గరికి, ఆ చివర్లో నేను మంచం మీంచి లేచి నిలబడ్డా, పాతికేళ్ల కిందటి రేసు, రిజల్ట్ తెలుసు, అయినా. తేడా 0.38 సెకను. ఆ స్పీడుకి లెక్కేస్తే రెండు మీటర్లు, అంటే ఒక నులక మంచం పొడవంత. అయిపోగానే పిన్సెంట్ మధ్యలో ఉన్న ఫోస్టర్ మీంచి ఎక్కి వెళ్లి రెడ్‌గ్రేవ్‌ని వాటేసుకుని బుడుంగున నీళ్లలో పడిపోతాడు, ఒలింపిక్ ఛాంపియన్ అండి బాబూ.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తీశానంటే బార్సిలోనాలో నాకు నిద్రొచ్చింది, అంతే.

ఈ రేసు మా నాన్నకి కూడా చూపించా. అంతా చూసి, "ఒరేయ్, ఆయన తింటున్నాడుగా, మరి ఆ బీరువా తాళం ఎక్కడ్రా" అన్నాడు. ఆయన రోజుకి ఎంత తెడ్డేసేవాడో చెప్పా. సరేలే, రేపట్నుంచి బీచ్‌లో నడుస్తా అన్నాడు. ఇప్పటికి మూడు రోజులైంది, చెప్పులైతే గుమ్మం దగ్గరే ఉన్నాయి.