కడుపు పాడైతే మామూలే అనుకోవచ్చా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కలుషిత ఆహారం వల్ల వచ్చే జబ్బుల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ప్రజారోగ్య వైద్యులు ఒకరు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ సిద్దిపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. పోయిన ఆదివారం మా ఆడబిడ్డ ఇంట్లో ఫంక్షన్. మధ్యాహ్నం చేసిన బగారా అన్నం, కూర మిగిలితే రాత్రి తిన్నాం. నాకు, పిల్లలిద్దరికీ, ఇంకో పది మందికి ఒకటే వాంతులు. రెండో రోజుకు తగ్గాయి, ఎవరమూ ఆసుపత్రికి పోలేదు. ఇది మామూలే కదా డాక్టర్ గారూ?

డాక్టర్: తిన్న ఎంతసేపటికి మొదలైందమ్మా?

శ్రోత: మూడు గంటలు కూడా కాలేదండీ. వేడి చేసుకునే తిన్నాం.

డాక్టర్: అంత త్వరగా వాంతులు వచ్చాయంటే, వండిన అన్నం గంటల తరబడి బయట ఉండగా సూక్ష్మజీవులు పెరిగి అందులోకి విషం వదిలి ఉండొచ్చు. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిన అన్నాన్ని రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక మామూలే అన్నారు చూడండి, నన్ను బాధపెట్టేది ఆ మాటే. మీ 13 మందిలో ఒక్కరు కూడా ప్రభుత్వ లెక్కలోకి ఎక్కలేదు. ఎక్కాలంటే ఎవరో ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి, పరీక్ష రాయాలి, ల్యాబ్‌లో క్రిమి దొరకాలి, ఆ కబురు జిల్లాకు చేరాలి. అమెరికాలోనే, ఆహారంతో సోకే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కేసు ఒకటి ల్యాబ్‌లో తేలితే, తేలనివి 29 దాకా ఉంటాయని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

వ్యాఖ్యాత: మరి అసలు సంఖ్య ఎంత ఉండొచ్చండీ?

డాక్టర్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా 60 కోట్ల మందికి ఈ జబ్బులు వస్తున్నాయి, అంటే పది మందిలో దాదాపు ఒకరికి. 4,20,000 మంది చనిపోతున్నారు. ఆ సంస్థ విభజనలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం వాటానే 15 కోట్ల మంది, 1,75,000 చావులు. అందుకేనమ్మా, ఒకే చోట తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే తగ్గిపోయినా సరే ఆశా కార్యకర్తకో, పీహెచ్‌సీలోనో ఒక మాట చెప్పండి. ఆ కబురు అందితేనే అదే వంట, అదే నీళ్లు ఇంకొకరి దాకా పోకుండా ఆపగలం.

వ్యాఖ్యాత: తర్వాత హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత: సార్, మొన్న పానీపూరీ తిన్నాను, ఈ రోజు పచ్చకామెర్లు అన్నారు. ఆ బండివాడి మీద కంప్లైంట్ ఇవ్వాలా?

డాక్టర్: ఏ రకం అన్నారు బాబూ?

శ్రోత: హెపటైటిస్-ఎ అని రాశారు.

డాక్టర్: అయితే అది మొన్నటిది కాదు. ఆ వైరస్ ఒంట్లోకి చేరాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. నెల కిందట ఎక్కడ ఏం తిన్నావో, ఏ నీళ్లు తాగావో గుర్తు చేసుకో. ఆఖరున తిన్నదాని మీదికే అందరి అనుమానం పోతుంది, అసలుది దొరకదు. హాస్టల్లో ఇంకెవరికైనా కళ్లు పచ్చబడ్డాయేమో చూసి వార్డెన్‌కు చెప్పు. విశ్రాంతి తీసుకో, పసరు మందుల జోలికి పోకు.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఒక తల్లి. చెప్పండమ్మా.

శ్రోత: అయ్యా, మా పాపకి పద్నాలుగు నెలలు. రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, పదిసార్లు అయ్యాయి. పాలు ఆపేయమంటున్నారు మా అత్తగారు.

డాక్టర్: ఆపొద్దు. పాస్ పోసి ఎంతసేపైంది?

శ్రోత: పొద్దుటి నుంచి పోయలేదండీ.

డాక్టర్: ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? కళ్లు లోపలికి పోయాయా?

శ్రోత: కన్నీళ్లు లేవండీ. కళ్లు గుంటలు పడ్డాయి. మగతగా ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: అమ్మా, ఫోన్ పెట్టేసి ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి. బండి లేకపోతే 108కి చేయండి. మెలకువగా ఉండి మింగగలుగుతుంటే దారిలో చెంచాతో ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టండి. సాయంత్రం దాకా చూద్దాం అనుకోకండి.

శ్రోత: వెళ్తున్నానండీ.

వ్యాఖ్యాత: ఆ పాప త్వరగా కోలుకోవాలి. డాక్టర్ గారూ, పెద్దవాళ్లకు రెండు రోజుల్లో తగ్గేది పిల్లలకు ఇంతలో ఇలా ఎందుకవుతుంది?

డాక్టర్: చిన్న ఒంట్లో ఉండే నీళ్లే కొంచెం, గంటల్లో ఖాళీ అయిపోతాయి. ఇందాక 4,20,000 చావులన్నాను, వాటిలో 1,25,000 అయిదేళ్లలోపు పిల్లలవే. జనాభాలో వాళ్లు 9 శాతమే. గర్భిణులు, ముసలివాళ్ల విషయంలోనూ ఆలస్యం చేయకూడదు. ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు ఎప్పుడూ ఉంచుకోండి. లీటరుకు సరిపడే ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం వద్దు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పిల్లలకు జింక్ మాత్రలు పీహెచ్‌సీలో అడగండి, విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. విరేచనంలో రక్తం కనబడితే మాత్రం ఇంట్లో వైద్యం వద్దు.

వ్యాఖ్యాత: భీమవరం అమ్మగారి నంబర్ మా దగ్గర ఉంది. కార్యక్రమం అవగానే ఫోన్ చేసి కనుక్కుంటాం.