రెయిన్‌మీటర్ వేసినా టాస్క్‌బార్ ఎందుకు మారదు?

"అన్నా, రెయిన్‌మీటర్ వేశాను, టాస్క్‌బార్ మాత్రం అలాగే ఉంది. ఇన్‌స్టాల్ సరిగ్గా కాలేదా?"

అయింది తమ్ముడూ. రెయిన్‌మీటర్ అంటే విండోస్ డెస్క్‌టాప్ మీద గడియారాలు, మీటర్లు పెట్టే ప్రోగ్రామ్. టాస్క్‌బార్ జోలికెళ్లడం దాని పనే కాదు! థీమ్, స్కిన్, విజువల్ స్టైల్... ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడంతో వచ్చిన తంటా ఇది.

సురభి వాళ్ల నాటకం గుర్తు తెచ్చుకోండి. వెనకాల రంగుల తెర, ముందు వేషాలు కట్టిన నటులు. డెస్క్‌టాప్‌లో వాల్‌పేపర్ ఆ తెర. విండో అంచులు, బటన్లు, టాస్క్‌బార్... ఇవి వేషాలు.

(స్క్రీన్ మీద: నోట్‌ప్యాడ్‌లో తెరిచిన థీమ్ ఫైల్)

డాట్ థీమ్ ఫైల్ ఇది. ఉత్త టెక్స్ట్. ఏ వాల్‌పేపర్, ఏ కర్సర్, ఏ సౌండ్, ఏ రంగు... అంతే. ఏ తెర దించాలి, ఎవరికే వేషం అని రాసుకున్న చీటీ అన్నమాట. ఇది మార్చితే సిస్టమ్ స్పీడవుతుందా అని అడిగేవాళ్లకు ఒక్కటే మాట: కృష్ణుడికి కొత్త కిరీటం పెడితే పద్యం తొందరగా అయిపోతుందా?

ఇదే చీటీలో కింద ఇంకో లైన్ చూడండి, డాట్ ఎంఎస్‌స్టైల్స్ అని. అసలు వేషాల పెట్టె అది. దాన్నే విజువల్ స్టైల్ అంటారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన లూనా స్టైల్ గుర్తుందిగా? నీలం, ఆలివ్, వెండి రంగులు. ఆ ఆకుపచ్చ స్టార్ట్ బటన్ బొమ్మ కూడా ఇలాంటి పెట్టెలోదే.

మరి మన పెట్టె మనం తెచ్చుకోవచ్చుగా? కుదరదు. మేకప్ గది గుమ్మం దగ్గర యుఎక్స్‌థీమ్ డీఎల్ఎల్ అని ఒకడు, విండోస్ సొంత ఫైలే, కూర్చుంటాడు. పెట్టె మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉంటేనే లోపలికి. ప్యాచ్ చేయడమంటే ఆ కాపలావాణ్ణి పక్కకు తప్పించడమే. నా కంప్యూటర్లో నా బటన్ రంగుకి వీడి అనుమతేంటని నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే!

విన్యాంప్‌ అనే పాటల ప్లేయర్ దగ్గర ఈ గొడవే లేదు. దాని స్కిన్ అంటే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి తొడిగే వేషం. పాత స్కిన్ ఫైల్ పేరు చివర డాట్ డబ్ల్యూఎస్‌జెడ్ తీసేసి డాట్ జిప్ పెట్టండి, తెరుచుకుంటుంది. లోపల మెయిన్ డాట్ బీఎంపీ, 275×116 పిక్సెళ్ల బొమ్మ. పెయింట్‌లో దాని మీద గీసి, మళ్లీ జిప్ చేసి పాత పేరు పెడితే మీ స్కిన్ రెడీ. ఇంటర్ చదివే కుర్రాడు కూడా దర్జీ అయిపోయేవాడు.

ఇక రెయిన్‌మీటర్. ఇది తెరనీ ముట్టుకోదు, వేషాన్నీ ముట్టుకోదు. తెర ముందు కొత్త సామాను పెడుతుంది: గడియారం, వాతావరణం, సీపీయూ మీటర్. ఈ సామానునీ స్కిన్లనే అంటారు. ఒక్కో స్కిన్ ఒక ఐఎన్ఐ ఫైల్, అదీ టెక్స్టే. అందులో అప్‌డేట్ ఈక్వల్స్ 1000 అంటే 1000 మిల్లీసెకన్లు, సెకనుకోసారి మళ్లీ లెక్కేసుకుంటుంది. ఎవరో హడావుడి యానిమేషన్ కోసం దాన్ని 16 చేసి పెడతారు, మీ ఫ్యాన్ గోల పెడుతుంది, తిట్లు రెయిన్‌మీటర్‌కి. ముందు ఆ అంకె చూడండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ప్యాచ్ చేసే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, తేడా వస్తే పాత స్థితికి వెనక్కి రావచ్చు. విజువల్ స్టైల్ మీ విండోస్ వెర్షన్‌కి చేసిందేనా చూడండి, పక్క వెర్షన్‌ది వేస్తే స్టార్ట్ మెనూయే కనబడకపోవచ్చు. పెద్ద అప్‌డేట్ వచ్చే ముందు మామూలు థీమ్‌కి వచ్చేయండి, ఎందుకంటే అప్‌డేట్ ఆ కాపలావాణ్ణి మళ్లీ కూర్చోబెడుతుంది. ప్యాచ్ భయమైతే వేషాలు మార్చే విండోబ్లైండ్స్ అనే ప్రోగ్రామ్ ఉంది, డబ్బులు కట్టాలి. లైనక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లు నవ్వుకుంటున్నారని తెలుసు, మీకు ఇవన్నీ సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి, సంతోషం.

ఇంకొకటి, ముఖ్యం. "మ్యాక్ థీమ్" అని ఒక్క ఈఎక్స్ఈ ఫైల్ ఇచ్చి, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయమంటే చేయకండి. రెయిన్‌మీటర్ స్కిన్లు వచ్చే ఆర్ఎమ్‌స్కిన్ ప్యాకేజీల్లోనూ ప్లగిన్ డీఎల్ఎల్‌లు, అంటే ప్రోగ్రామ్ కోడ్ ఉన్న ఫైళ్లు, రావచ్చు, తెలిసిన చోటు నుంచే దించుకోండి. ఐకాన్ల సంగతి తర్వాతి వీడియోలో.