పందిరికి బీమా, నేలకు కాదు

[స్క్రీన్ మీద: తిరుపతి చుట్టుపక్కల మ్యాపు. స్వర్ణముఖి, రాయలచెరువు, కింద వాకాడు, తడ తీరం]

నమస్కారం. "ఇంటి బీమాలో వరద రాదంట, దానికి వేరే పాలసీ కొనాలంట." ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. దీన్ని నమ్మి ఎంతోమంది అసలు పాలసీయే తీసుకోవడం లేదు.

ఇది అమెరికా సంగతి. అక్కడ మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. 1968లో అక్కడి ప్రభుత్వం పెట్టిన పథకం కింద విడిగా కొనాలి. ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు. కొన్నాక మామూలుగా 30 రోజులు ఆగాలి. 2021 అక్టోబరు నుంచి ఒక్కో ఇంటి ముప్పు చూసి రేటు కడుతున్నారు. అందుకే ఫ్లోరిడా లాంటి తీరాల్లో చాలామందికి ఏటా బిల్లు పెరుగుతోంది. అక్కడున్న పిల్లలు ఫోన్లో చెప్పింది నిజమే, కానీ అది మన ఇంటికి వర్తించదు.

మనకు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' ఉంది. ఏ కంపెనీ దగ్గర కొన్నా మూల షరతులు ఒకటే. నిప్పు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఏడాది నవంబరులోనే తిరుపతి కాలనీలు మునిగాయి, రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక సముద్రతీరం కూడా మన లెక్కలోకే వచ్చింది.

ఇక అసలు తప్పు దగ్గరికి వద్దాం. ఎంతకు బీమా చేయాలి?

పెళ్ళి పందిరి తీసుకోండి. రాత్రి గాలివాన వచ్చి పడిపోయింది. మళ్ళీ వేయడానికి ఏం కావాలి? గుంజలు, తాటాకులు, తాళ్ళు, కూలీ. నేల కొనక్కర్లేదు కదా, అది అక్కడే ఉంది. ఇంటి బీమా ఈ పందిరికే. అలిపిరి దగ్గర స్థలం ధర ఎంతైనా పలకనీ, వరద దాన్ని ఎత్తుకుపోదు.

[స్క్రీన్ మీద: లెక్క]

కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల గోడల మధ్య వాడుకునే నేల, 1,200 చదరపు అడుగులు అనుకుందాం. ఈరోజు కట్టాలంటే అడుగుకు 2,200 రూపాయలనుకుంటే 26.4 లక్షలు. ప్రహరీ, గేటు, సంపు, సోలార్ ప్యానెళ్ళు విడిగా 2.6 లక్షలు. మొత్తం 29 లక్షలు. ఇదీ పాలసీలో రాయించాల్సిన అంకె. స్థలంతో కలిపి 90 లక్షలు రాయిస్తే ప్రీమియం మూడు రెట్లు కడతారు, ఇల్లు పూర్తిగా పోయినా తిరిగి కట్టే ఖర్చే వస్తుంది. బిల్డర్ చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా కూడా వేయకండి, అందులో మెట్లూ లిఫ్టూ కలిసి ఉంటాయి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదం. బ్యాంకులో మిగిలిన అప్పు 12 లక్షలే కదా అని అంతకే చేయించేస్తారు. అప్పుకీ గుంజల ఖర్చుకీ సంబంధం ఏముంది? ఈ పాలసీలో తక్కువకు బీమా చేశారని క్లెయిమ్‌లో కోత పెట్టరు, అది చాలా మంచి షరతు. ఐదు లక్షల నష్టమైతే ఐదు లక్షలూ ఇస్తారు. కానీ ఇల్లు మొత్తం పోతే 12 దగ్గరే ఆగిపోతుంది.

పందిట్లోని కుర్చీలూ వంటపాత్రలూ? ఇంటికి రాయించిన బీమా మొత్తంలో 20%, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకు దానంతటదే కవర్ ఉంటుంది. మన లెక్కలో 5.8 లక్షలు. నగలకు విడిగా చెప్పి తీసుకోవాలి. కారూ బైకూ ఇందులో రావు, వాటికి మోటారు పాలసీయే. చెదపట్టిన గుంజ మామూలు గాలికి విరిగితే ఎవరిస్తారు? అలాగే ప్రతి వానకూ కారే శ్లాబు మరమ్మతు మీదే.

మరి ప్రీమియం ఎందుకు పెరుగుతోంది? పందిళ్ళ కాంట్రాక్టరు ఊళ్ళో యాభై పందిళ్ళు వేశాడు. ఒకటి పడితే మిగతా వాటి అద్దెతో సర్దుకుంటాడు. పెనుగాలి వస్తే యాభై ఒకే రాత్రి పడతాయి. అందుకని ముందే చెన్నైలో పెద్ద కాంట్రాక్టరుకు కొంత కట్టి పెట్టుకుంటాడు. బీమా కంపెనీలకు ఆ పెద్ద కాంట్రాక్టరే రీఇన్సూరెన్స్, అంటే బీమా కంపెనీలే తీసుకునే బీమా. 2025-26 లెక్కన ప్రతి పాలసీలో 4% ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ రీకి ఇవ్వడం తప్పనిసరి, మిగతాది ఎంత పంచుకోవాలో కంపెనీ ఇష్టం. విపత్తులు పెరిగేకొద్దీ రీఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్ళు రేటు పెంచుతారు, అది మన దాకా వస్తుంది. దానికి తోడు సిమెంటు, ఇనుము, కూలీ ధరలు. ఆ పైన ప్రీమియం మీద 18% జీఎస్టీ. 2025 సెప్టెంబరులో తీసేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. పాలసీ పదేళ్ళ వరకు ఒకేసారి తీసుకోవచ్చు, మధ్యలో రేటు పెరిగినా మీకు అంటదు. ఇంటి బీమా మొత్తం ఏటా 10% చొప్పున దానంతటదే పెరుగుతుంది, దానికి అదనంగా కట్టక్కర్లేదు.

టైం అయిపోతోంది, క్లెయిమ్ గబగబా చెప్పేస్తాను. నీళ్ళు తీయగానే కడిగేయకండి. గోడ మీద నీటి గీత కనపడేలా ఫోటోలు, వీడియో తీయండి. అదే రోజు కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకోండి. తడిసిన పరుపులూ బీరువాలూ నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ చూసేదాకా పారేయకండి. ఫ్రిజ్జు, మోటారు ఆరాయేమో చూద్దామని స్విచ్ వేయకండి. షార్ట్ అయి కాలితే అది వరద నష్టమా, కరెంటు నష్టమా అని గొడవ మొదలవుతుంది. ఉండలేని ఇల్లయితే అద్దె కూడా అడగండి, పాలసీలో ఉంది. చెత్త తొలగించడానికి క్లెయిమ్‌లో 2% వరకు, ఇంజనీరు ఫీజుకు 5% వరకు ఇస్తారు, అడగనివాళ్ళే ఎక్కువ.

తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాది లోపు వెళ్ళాలి, ఆ ఉత్తరం భద్రంగా పెట్టుకోండి.