కాల్చక ముందు రంగు, కాల్చిన తర్వాత గీత

సభకు నమస్కారం.

కొమ్మును కాచి, వంచి, పక్షులుగా మలిచే పనితనం తరాలుగా నిలిచిన పర్లాకిమిడిలో వేడి గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. అయితే దసరా కొలువు కోసం ఇప్పుడు మన ఇళ్లలో చేస్తున్న బొమ్మల ముద్ద, అంటే పాలిమర్ క్లే, వేరే స్వభావం కలది. అందులో మట్టి లేదు. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంతో కలిపి దాన్ని తయారు చేస్తారు. అది గాలికి ఆరదు. రకాన్ని బట్టి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కున్నప్పుడే గట్టిపడుతుంది. రంగు ఎప్పుడు వేయాలో, ఏ రంగు వేయాలో తేల్చేది ఈ స్వభావమే.

పచ్చి ముద్ద మీద ఆక్రిలిక్ రంగు బాగా పట్టుకుంటుంది, కాలిన తర్వాత ఇంకా గట్టిగా నిలుస్తుంది. కానీ అది నీటితో కలిపిన రంగు. పూతలో తడి మిగిలి ఉండగా ఓవెన్‌లో పెడితే ఆ నీరు ఆవిరై రంగును బుడగలుగా లేపేస్తుంది. మనం కొలువు బొమ్మలు చేసేది మహేంద్రగిరి మీద మబ్బులు వీడని శ్రావణ భాద్రపదాల్లో. ఆ చెమ్మలో పూత పైకి ఆరినట్టు కనిపించినా అడుగున తడిగానే ఉంటుంది. అందుకే పలుచని పూతలే వేసి, రాత్రంతా ఫ్యాను గాలికి ఉంచి, మర్నాడు కాల్చమని గట్టిగా చెబుతున్నాను.

ఎనామిల్, స్ప్రే రంగులు, గోళ్ల రంగు మాత్రం కాల్చక ముందైనా తర్వాతైనా వద్దు. వాటిలోని ద్రావకాలు ప్లాస్టిసైజర్‌తో కలిసి, నెలలు గడిచినా వదలని జిగటను మిగులుస్తాయి.

ఇక ముఖం విషయానికి వద్దాం. చెక్కిలి ఎరుపుకు పచ్చి ముద్దను మించిన చోటు లేదు. పాస్టెల్ సుద్దను చాకుతో గీకి, ఆ పొడిని మెత్తని కుంచెతో అద్దితే, ముద్దకున్న జిడ్డు దాన్ని పట్టుకుని అంచులు తెలియకుండా చర్మంలో కలిపేస్తుంది. కాలిన బొమ్మ మీద అదే పొడి నిలవక రాలిపోతుంది. కనుబొమ గీతకు ఇందుకు పూర్తిగా విరుద్ధం. సన్నని కుంచె మొన పచ్చి ముద్దలో గాడి చేస్తుంది, గీత తప్పితే తుడిచే వేలు నుదుటినే చెరిపేస్తుంది. బొమ్మను ఒకసారి కాల్చి, చల్లారాక స్పిరిట్ అద్దిన దూదితో చేతిజిడ్డు తుడిచి, అప్పుడు కళ్లూ కనుబొమలూ దిద్దాలి. తప్పిన గీతను ఆరకముందే తడిదూదితో తీసేయవచ్చు.

రంగు ఆరాక, మొదటిసారి కంటే కొంచెం తక్కువ వేడిలో పది నిమిషాలు మళ్లీ ఉంచితే పూత కుదురుకుంటుంది. రెండోసారి కాల్చినందువల్ల బొమ్మకు హాని లేదు. వేడి మాత్రం హద్దు మీరకూడదు. బాగా మాడితే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన, హానికరమైన వాయువు వస్తుంది కాబట్టి ఓవెన్‌లో థర్మామీటరు ఉంచండి, కిటికీలు తెరిచి పెట్టండి.

పాస్టెల్ సుద్దలు, కుంచెలు బల్ల మీద ఉన్నాయి. మీరు తెచ్చిన పచ్చి బొమ్మలను చెక్కిళ్లతో మొదలుపెడదాం.