టార్క్ ఎక్కువైన పికప్‌కు ఏ ఆటోమేటిక్ గేర్‌బాక్స్?

అందరికీ నమస్కారం.

1996లో డాడ్జ్ రామ్ పికప్ కొనడానికి వెళ్లినవాళ్లకు ఒకే కమిన్స్ 5.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ రెండు బలాల్లో దొరికేది. మాన్యువల్ గేర్లతో తీసుకుంటే 215 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం). ఆటోమేటిక్‌తో తీసుకుంటే 180 హార్స్‌పవర్, 420 పౌండ్-అడుగులు. 2001లో ఇంకా బలమైన రకం తెచ్చారు, 245 హార్స్‌పవర్, 505 పౌండ్-అడుగులు. అది ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే ఇచ్చారు. ఆటోమేటిక్ అడిగినవాళ్లకు 460 దగ్గరే ఆపేశారు. ఇంజిన్‌కు సత్తా ఉంది. వెనకున్న 47 ఆర్‌ఈ గేర్‌బాక్స్‌ను చూసుకుని దాని చెయ్యి కట్టేశారు.

ఇవాళ చాలామంది చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ట్యూనింగ్ చేయించి వంద హార్స్‌పవర్ పెంచుకుంటారు. గేర్లు జారడం మొదలయ్యాక “ఇంకా గట్టి ట్రాన్స్‌మిషన్ ఏది?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక పేరు చెప్పి పంపించేయవచ్చు. కానీ పేరు చెప్పేముందు మూడు విషయాలు తెలియాలి: టార్క్ ఎంత ఆర్‌పీఎమ్ దగ్గర వస్తోంది, బండి వెనక ఎంత బరువు ఉంటుంది, ఆ బరువును ఎంతసేపు లాగుతారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే గరిష్ఠ టార్క్ అంకె వీటిలో దేనికీ పూర్తి జవాబు కాదు.

ఆర్‌పీఎమ్ సంగతి ముందు చూద్దాం. టార్క్‌ను ఆర్‌పీఎమ్‌తో గుణించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 300 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్ ఆ బలాన్ని 5200 ఆర్‌పీఎమ్ దగ్గర ఇస్తుందనుకోండి, అక్కడ టార్క్ 303 పౌండ్-అడుగులు. అదే 300 హార్స్‌పవర్‌ను డీజిల్ 3000 దగ్గర ఇస్తే టార్క్ 525. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లకు, షాఫ్ట్‌లకు హార్స్‌పవర్ కనిపించదు, టార్కే కనిపిస్తుంది. “పెట్రోల్ రేస్ బండిలో ఈ గేర్‌బాక్స్ 600 హార్స్‌పవర్ తట్టుకుంది” అని ఎవరైనా చెబితే డీజిల్ పికప్ ఉన్నవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పైగా ఆ బండి కొన్ని సెకన్లు పరుగెత్తి ఆగిపోతుంది. మీ బండి ట్రెయిలర్‌తో ఇరవై నిమిషాలు ఘాట్ ఎక్కాలి.

ఇక వేడి. ఆటోమేటిక్‌ను చంపేది ఎక్కువసార్లు ఇదే. తాడు బిగించి పట్టుకుంటే ఎంత బరువైనా అరచేతికి ఏమీ కాదు, జారితేనే కాలుతుంది. క్లచ్ సంగతీ అంతే. ఒక చిన్న లెక్క చెబుతాను. వెయ్యి న్యూటన్ మీటర్ల టార్క్, అంటే దాదాపు 740 పౌండ్-అడుగులు, లాకప్ క్లచ్ మీద, అంటే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా బిగించే క్లచ్ మీద ఉంది. అది కేవలం వంద ఆర్‌పీఎమ్ జారుతోంది. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు, టాకోమీటర్ ముల్లు కాస్త పైన ఉంటుంది, అంతే. ఆ జారుడు వల్ల పుట్టే వేడి పది కిలోవాట్లకు పైనే. అదంతా కొద్దిపాటి రాపిడి పొర మీద, చుట్టూ ఉన్న ఆయిల్‌లో పడుతుంది. ఆ పొర మాడిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. మాడిన ముక్కలు ఆయిల్‌లో తిరిగి, క్లచ్‌లకు ఆయిల్ ఒత్తిడిని పంచే వాల్వ్ బాడీలోకి వెళ్తాయి. అప్పుడు ప్రెషర్ పడిపోతుంది, మిగతా క్లచ్‌లు కూడా జారడం మొదలుపెడతాయి.

అందుకే నేను గేర్‌బాక్స్ కంటే ముందు టార్క్ కన్వర్టర్ గురించి మాట్లాడతాను. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం అది, లాకప్ క్లచ్ ఉండేది దాంట్లోనే. పాత డీజిల్ పికప్‌లలో కంపెనీ కన్వర్టర్‌లో లాకప్‌కు ఒకే ప్లేటు. ట్యూనింగ్ చేసిన బండిలో ముందు చేతులెత్తేసేది చాలావరకు అదే. మూడు ప్లేట్ల లాకప్, ముందువైపు ఉబ్బకుండా గట్టి ఉక్కు దిమ్మెలోంచి తొలిచిన కవర్ ఉన్న కన్వర్టర్ వేస్తే ఆ బలహీనత పోతుంది. స్టాల్ స్పీడ్ కూడా చూసుకోవాలి, అంటే బండిని కదలనివ్వకుండా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ చేరే ఆర్‌పీఎమ్. డీజిల్ కింది ఆర్‌పీఎమ్‌లోనే బలం ఇస్తుంది కాబట్టి బరువు లాగేవాళ్లకు తక్కువ స్టాల్, అంటే కాస్త బిగువైన కన్వర్టర్ మంచిది. పెద్ద టర్బో బిగించినవాళ్లకు మాత్రం మరీ బిగువైతే ఇబ్బంది. టర్బో లేచేలోపు ఇంజిన్ కిందే కూరుకుపోతుంది, పొగ వస్తుంది. ఇద్దరికీ ఒకే కన్వర్టర్ అమ్మే దుకాణాన్ని నేను నమ్మను.

ఇక్కడో చిక్కు ఉంది. మూడు ప్లేట్ల కన్వర్టర్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఇంతకుముందు జారి తప్పించుకున్న దెబ్బ ఇప్పుడు నేరుగా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పడుతుంది. పూర్తి యాక్సిలరేటర్ మీద లాకప్ పడితే పాత షాఫ్ట్ ఒక్కోసారి మెలితిరిగి తెగిపోతుంది. షాఫ్ట్ మారిస్తే బలహీనత క్లచ్ ప్యాక్‌కు, అంటే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్ల కట్టకు చేరుతుంది. గట్టి గేర్‌బాక్స్ కట్టడమంటే బలహీనతను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరుముకుంటూ పోవడమే. అది మీ వాడకానికి అందనంత దూరం వెళ్లేదాకా తరమాలి, అక్కడ ఆగాలి. అంతకుమించి పెట్టే డబ్బు గొప్పలు చెప్పుకోవడానికే.

క్లచ్ ప్యాక్ బలం నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. రాపిడి తలాలు ఎన్ని, వాటిని నొక్కే ఒత్తిడి ఎంత, వ్యాసార్థం ఎంత, రాపిడి పదార్థం ఎలాంటిది. వ్యాసార్థం మన చేతిలో లేదు. ఉన్న చోటులోనే ఎక్కువ ప్లేట్లు ఇరికించాలంటే ఉక్కు ప్లేట్లను పలచన చేయాలి. పలచబడిన ఉక్కు వేడిని తక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి “మా దాంట్లో ప్లేట్లు ఎక్కువ” అన్న మాట వినగానే సంబరపడకండి, మందం ఎంతో అడగండి. క్లచ్‌లను నొక్కే ఆయిల్ ఒత్తిడిని, అంటే లైన్ ప్రెషర్‌ను పెంచడం చవకైన మార్గం, వాల్వ్ బాడీలో మార్పులతో అయిపోతుంది. అతి చేస్తే పంప్ మీద భారం పెరుగుతుంది, ప్రతి గేరూ దెబ్బ కొట్టినట్టు పడుతుంది. బండి గట్టిగా కుదిపితే గేర్‌బాక్స్ గట్టిదని అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ రెండింటికీ సంబంధం తక్కువ.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న పేర్లు. 2001లో జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్ 6.6 డీజిల్‌తో పాటు అలిసన్ 1000ను పికప్‌లలోకి తెచ్చింది. ఆ ఇంజిన్ టార్క్ 520 పౌండ్-అడుగులు. మొదట ఐదు గేర్లు, 2006 మోడల్ నుంచి ఆరు. దీనికి మంచి పేరు రావడానికి లోపలి లోహం ఒక్కటే కారణం కాదు. దాని కంప్యూటర్ క్లచ్ జారుడును కనిపెట్టి, మితిమీరితే బండిని లింప్ మోడ్‌లో, అంటే కుంటుతూ మాత్రమే నడిచే స్థితిలో పెట్టేస్తుంది. విసుగ్గానే ఉంటుంది కానీ ప్లేట్లు కాలిపోకుండా ఆపేది అదే. బాగా ట్యూన్ చేసిన బండిలో ఏ మార్పూ చేయని అలిసన్ కూడా జారుతుంది, దానికీ రీబిల్డ్ కావాలి. ఫోర్డ్ వైపు 2003లో ఐదు గేర్ల టార్క్‌షిఫ్ట్ వచ్చింది, 2011లో 6.7 డీజిల్‌తో ఆరు గేర్ల 6 ఆర్ 140 వచ్చింది. రామ్‌లో 47 ఆర్‌ఈ తర్వాత 48 ఆర్‌ఈ, 2007లో 6.7 కమిన్స్‌తో 68 ఆర్‌ఎఫ్‌ఈ. 2013 నుంచి బలమైన ఇంజిన్‌కు ఐసిన్ గేర్‌బాక్స్ జత చేశారు, బలం తక్కువైన దానికి 68 ఆర్‌ఎఫ్‌ఈనే ఉంచారు. అంటే 1996 నాటి లెక్కే మళ్లీ. 2025 మోడల్‌కు వచ్చేసరికి రెండింటినీ తీసేసి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టారు, ఇంజిన్ టార్క్ 1075 పౌండ్-అడుగులు.

గేర్ల సంఖ్య కూడా బలంలో భాగమే. 47 ఆర్‌ఈలో మొదటి గేరు 2.45, రెండోది 1.45, ఆపై 1.00, 0.69. బరువుతో ఎక్కుతున్నప్పుడు రెండుకు ఇంజిన్ అరుస్తుంది, మూడుకు కూలబడుతుంది. ఆ మధ్యలో కన్వర్టర్ లాక్ కాకుండా తిరుగుతూ వేడి పుట్టిస్తుంది. ఆరు గేర్ల అలిసన్‌లో 3.10, 1.81, 1.41, 1.00 అని మెట్లు దగ్గరగా ఉన్నాయి. లాకప్ ఉంచుకునే ఎక్కేయొచ్చు. పెద్ద టైర్లు వేసినవాళ్లు ఇది మరింత గుర్తుపెట్టుకోవాలి. టైరు పెరిగితే ప్రతి గేరూ పొడవైనట్టే, కన్వర్టర్ మీద భారం పెరిగినట్టే. ఒక్కోసారి గేర్‌బాక్స్ మార్చక్కర్లేదు, వెనక యాక్సిల్ రేషియో మార్చుకుంటే చాలు. ఈ సలహా ఎవరికీ నచ్చదు, ఎందుకంటే అది కనిపించదు.

సరే, ఉన్నదాన్నే బలపరచాలా, వేరేది తెచ్చి పెట్టాలా? ఉన్న దాంట్లో గేర్లు మీ పనికి సరిపోతే బలపరచండి. సరిపోకపోతేనే మార్పిడి గురించి ఆలోచించండి. వేరే కంపెనీ గేర్‌బాక్స్ పెట్టాలంటే బెల్ హౌసింగ్ అడాప్టర్, ఫ్లెక్స్‌ప్లేట్, క్రాస్‌మెంబర్, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు, ఫోర్‌వీల్ అయితే ట్రాన్స్‌ఫర్ కేస్, అన్నిటికీ మించి కంట్రోలర్ చూసుకోవాలి. 1998కి ముందున్న 12 వాల్వుల కమిన్స్‌లో ఇంధనాన్ని నడిపించేది మెకానికల్ పంపు, దానికి ఆధునిక గేర్‌బాక్స్‌తో మాట్లాడే కంప్యూటరే లేదు. విడిగా కంట్రోలర్ పెట్టి, థ్రాటిల్ సెన్సర్ బిగించి, షిఫ్టులు చేత్తో సరిచేసుకోవాలి. కొత్త బండ్లలో సమస్య వేరు. గేరు పడే క్షణంలో ఇంజిన్ టార్క్‌ను కంప్యూటర్ తగ్గిస్తుంది. చురుకుదనం కోసం ట్యూనర్ దాన్ని తీసేస్తే ఆ భారమంతా క్లచ్ మీదే పడుతుంది. ట్యూన్ చేసేవాడు, గేర్‌బాక్స్ కట్టేవాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఎంత ఖరీదైన సామాను వేసినా ప్రయోజనం ఉండదు.

చివరగా, టెంపరేచర్ గేజ్. చాలామంది సెన్సర్‌ను ఆయిల్ పాన్‌లో పెడతారు. అక్కడ ఉన్నది కూలర్ నుంచి చల్లబడి వచ్చిన ఆయిల్. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే పైపులో ఆయిల్ దానికంటే చాలా వేడిగా ఉంటుంది, బరువుతో ఎక్కుతూ లాకప్ విడిపోతే క్షణాల్లో ఎగబాకుతుంది. వీలైతే రెండు చోట్లా సెన్సర్లు పెట్టండి. ఒకటే పెట్టగలిగితే ఆ వేడి పైపుకే పెట్టండి. కొత్త గేర్‌బాక్స్ బిగించాక మొదటిసారి ట్రెయిలర్‌తో ఎక్కేటప్పుడు లాకప్ పడ్డాక ఆ ముల్లు దిగిరావాలి. దిగకపోతే ఎక్కడో జారుతోందన్నమాట. బండి ఆపి, కట్టినవాళ్లకు ఫోన్ చేయండి.

ఇక మీరు అడగండి. మీ బండి మోడల్, టైరు సైజు, లాగే బరువు ముందే చెబితే జవాబు తేలికవుతుంది.