వెన్నెముక క్షయ: మందు చేసే పని, కత్తి చేసే పని

శ్రోతలకు నమస్కారం.

వెన్నెముకకు జబ్బు చేసిందని తెలియగానే మన ఇళ్లలో రెండు సలహాలు పోటీపడి వస్తాయి. వెన్నుకు ఆపరేషన్ చేయిస్తే మనిషి మంచాన పడతాడని ఒకరు భయపెడతారు. ఇంత ముదిరాక ఆపరేషన్ లేకుండా తగ్గడం కల్ల అని మరొకరు తేల్చేస్తారు. జబ్బు పేరేమిటని మాత్రం ఇద్దరూ అడగరు. నిజానికి ముందుగా అడగవలసిన ప్రశ్న అదే.

డిస్కు జారి, నడుము నుంచి కాలిలోకి నొప్పి దిగే సయాటికా విషయమే చూడండి. చాలామందిలో అది నొప్పి మాత్రలతో, ఫిజియోథెరపీతో, మంచానికే అంటిపెట్టుకోకుండా మెల్లగా తిరుగుతూ ఉండగానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అలా తగ్గని వారికి ఆపరేషన్ ఉంది. మూత్రం బందయినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. డిస్కు గురించి ఇంతటితో ఆపుతాను. ఈ కొద్ది నిమిషాలూ మనం తక్కువగా మాట్లాడుకునే వెన్నెముక క్షయకు, అంటే వెన్ను టీబీకి, కేటాయించాలని ఉంది.

టీబీ అంటే దగ్గు, కళ్లె, ఊపిరితిత్తులు అనే మనకు గుర్తొస్తుంది. ఆ క్రిమి రక్తం ద్వారా ఎముకలకూ చేరుతుంది. ఎముకలు, కీళ్లకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నెముకదే. అది సాధారణంగా రెండు వెన్నుపూసలు కలిసే చోట, ముందు భాగంలో మొదలవుతుంది. దొంతరగా పేర్చిన కుండల్లో నడిమి కుండ ఒక పక్క నలిగితే పై కుండలన్నీ ఆ పక్కకే ఒరిగినట్లు, పూస ముందు భాగం తినుకుపోయినప్పుడు వెన్ను ముందుకు వంగి, వీపున గూని తేలుతుంది. చీము వెనక్కి చేరి వెన్నుపామును నొక్కితే కాళ్లు బలహీనపడతాయి. 1779లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ ఈ గూనినీ, కాళ్లు పడిపోవడాన్నీ కలిపి వర్ణించాడు కనుక వైద్యులు నేటికీ దీనిని పాట్స్ వ్యాధి అనే పిలుస్తారు. అంతకు చాలా ముందే, ప్రాచీన ఈజిప్టు మమ్మీల వెన్నెముకల్లో కూడా ఇది కనిపించింది.

సరైన మందులు లేని కాలంలో ఈ రోగిని నెలల తరబడి పడుకోబెట్టేవారు, ఒంటికి ప్లాస్టర్ కట్టు బిగించేవారు. మందులు వచ్చిన తరువాత, హాంకాంగ్‌లో హాడ్జ్‌సన్, స్టాక్ అనే ఇద్దరు వైద్యులు ముందువైపు నుంచి వెన్నెముకను చేరి, కుళ్లిన ఎముకను తీసివేసి, ఆ ఖాళీలో రోగి ఎముక ముక్కనే అమర్చే ఆపరేషన్ గురించి 1956లో ప్రకటించారు. ఫలితాలు చాలా బాగుండటంతో, ప్రతి వెన్ను టీబీకీ ఇదే చెయ్యాలా, మందులు ఒక్కటే సరిపోవా అన్న ప్రశ్న తలెత్తింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1960లలో కొరియాలో ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతుకులాటలో పాత పద్ధతుల సంగతి కూడా తేలింది: నెలల తరబడి ఆసుపత్రిలో పడుకోబెట్టినా, ప్లాస్టర్ కట్టినా, అవేవీ లేకుండా మందులు వేసుకుంటూ తిరిగిన వారి కన్నా అదనపు లాభం కనబడలేదు.

ఇక నాకు ఎంతో ఇష్టమైన అధ్యయనం దగ్గరికి వస్తున్నాను. ఇది మన పొరుగున, మద్రాసులో జరిగింది. ఊపిరితిత్తుల టీబీ రోగికి శానిటోరియంలో, అంటే రోగులను నెలల తరబడి ఉంచే టీబీ ఆసుపత్రిలో, ఇచ్చే చికిత్స ఇంటి దగ్గర ఇచ్చినా అంతే ఫలితం ఉంటుందని 1950ల చివరలో నిరూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన టీబీ పరిశోధన కేంద్రం ఆ నగరంలోనే ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో చోటు కోసం జనం ఎదురుచూసిన రోజుల్లో అది ఎంత పెద్ద మాటో ఊహించండి. ఆ నగరంలోనే వెన్ను టీబీ రోగులను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు హాంకాంగ్ తరహా ఆపరేషన్‌తో పాటు 6 నెలల మందులు; రెండవ జట్టుకు ఆపరేషన్ లేకుండా 6 నెలల మందులు; మూడవ జట్టుకు ఆపరేషన్ లేకుండానే 9 నెలల మందులు. మందులు అందరికీ ఒకటే, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఆపరేషన్ లేనివారు ఆసుపత్రిలో పడి ఉండలేదు. తిరుగుతూనే మందులు వేసుకున్నారు. ఆ తరువాత వారిని 10 ఏళ్లపాటు గమనించారు.

పదేళ్ల తరువాత సంతృప్తికరమైన స్థితిలో ఉన్నవారు ఆపరేషన్ జట్టులో 90 శాతం, 6 నెలల మందుల జట్టులో 94 శాతం, 9 నెలల మందుల జట్టులో 99 శాతం. మరొకసారి చెబుతాను: తొంభై, తొంభై నాలుగు, తొంభై తొమ్మిది. అయితే కాళ్లు పడిపోయి నడవలేని స్థితిలో ఉన్నవారిని ఈ పరీక్షలో చేర్చలేదు. అందువల్ల ఆపరేషన్ ఎవరికీ అక్కర్లేదని దీని నుంచి తేల్చడం తప్పు. మందుతోనే నయమయ్యే రోగిని అనవసరంగా కోయనక్కర్లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

మరి కత్తి ఎవరికి? కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.ఎం. తులి 1975లో మధ్యేమార్గం అన్న పేరుతో ఒక పద్ధతిని ప్రకటించారు. ముందు అందరికీ మందులు మొదలుపెట్టాలి. కాళ్ల బలహీనత ఉన్నవారిని కొద్ది వారాలు జాగ్రత్తగా గమనించాలి. అప్పటికీ మెరుగుపడకపోతేనో, మందులు వాడుతుండగానే దిగజారితేనో, జబ్బు టీబీయా కాదా అన్న అనుమానం మిగిలితేనో ఆపరేషన్ చెయ్యాలి. నా అభిప్రాయంలో ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. నేడు స్క్రూలు, రాడ్లు వచ్చి ఆపరేషన్ మునుపటి కన్నా సులువయిందన్నది నిజమే; సులువయిందన్న ఒక్క కారణంతో అందరికీ చెయ్యడం మాత్రం నాకు నచ్చదు.

మద్రాసు అధ్యయనం మరొక హెచ్చరిక కూడా చేసింది. 15 ఏళ్లలోపు పిల్లల్లో, మొదటి ఎక్స్‌రేలోనే వంపు 30 డిగ్రీలు దాటి ఉన్నవారిలో, మందులతో జబ్బు తగ్గినా గూని బాగా పెరుగుతూ పోయింది. ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన కోయంబత్తూరు డాక్టర్ ఎస్. రాజశేఖరన్, జబ్బు నయమయ్యాక కూడా ఎదుగుతున్న వెన్ను కొందరిలో మరింత వంగుతుందనీ, కొందరిలో వంపు దానంతటదే తగ్గుతుందనీ గుర్తించి, ఎవరికి ముప్పు ఉందో ఎక్స్‌రేలో ముందే పసిగట్టే నాలుగు గుర్తులను 2001లో ప్రకటించారు. ముప్పు ఉన్న పిల్లలకు సకాలంలో చేసే ఆపరేషన్ పెద్ద గూనిని తప్పిస్తుంది. ముదిరిన గూనిని తరువాత సరిచేయడం కష్టం, వెన్నుపాముకు ప్రమాదం కూడా.

ఇప్పుడు మీరు ఇంటి దగ్గర గమనించవలసినవి. వారాల తరబడి తగ్గని వెన్నునొప్పికి సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ నిద్రలోంచి లేపే నొప్పి తోడైతే, నడుం పట్టీ కట్టుకుని, తైలం రాసుకుని కూర్చోకండి. గజ్జల్లో ఎరుపు గానీ వేడి గానీ లేని వాపు కనిపిస్తే, అది వెన్ను నుంచి కిందికి జారిన టీబీ చీము కావచ్చు. ఎమ్మారైలో అనుమానం వచ్చినా, వీలైన చోట సూదితో ముక్క తీసి పరీక్షించి టీబీ అని రూఢి చేసుకోవడం మంచిది; మందులకు లొంగని టీబీ ఉంటే ఆ పరీక్షలోనే తెలుస్తుంది.

మన దేశపు 2016 మార్గదర్శకాల ప్రకారం వెన్ను టీబీకి మందులు 12 నెలలు వాడాలి. కొందరికి వైద్యులు 18 నెలల వరకు పొడిగిస్తారు. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఈ మందులు ఉచితం. నిక్షయ్ పథకం కింద పోషకాహారానికి ఇచ్చే నెలసరి మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచారు. రెండు నెలలు తిరిగేసరికి నొప్పి తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు తేరుకుంటుంది. మాత్రలు మూలపడేది సరిగ్గా అప్పుడే. ఆపరేషన్ అయినవారు మరీ తొందరపడతారు, చీమంతా తీసేశారు కదా, ఇక మందులెందుకని. ఆపరేషన్ చీమును తీస్తుంది, నరాల మీది ఒత్తిడిని తగ్గిస్తుంది, వంపు పెరగకుండా వెన్నును నిలబెడుతుంది. క్రిమిని చంపేది మందే. కనుక ఆపరేషన్ అయినా మందులు ఆపరాదు, నొప్పి తగ్గినా మందులు ఆపరాదు. మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ ప్రభావమే, భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం సొంతంగా మానేయకుండా, ఆ రోజే మందులిచ్చిన వైద్యునికి చూపించండి. మీ ఇంట్లో ఈ జబ్బు తగ్గిన చిన్నపిల్ల గానీ పిల్లవాడు గానీ ఉంటే, మందుల గడువు ముగిసిన తరువాత కూడా, ఎదుగుదల పూర్తయ్యేదాకా వైద్యులు చెప్పిన గడువులకు తీసుకువెళ్లి వెన్ను ఎక్స్‌రే తీయించండి, పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకువెళ్లండి.