పొట్ట మనది, ధర సర్కారుది

(నెల్లూరులో వాకర్స్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రోజూ తెల్లారేసరికి రోడ్డెక్కే మీకు నడక మంచిదని నేను చెప్పక్కర్లేదు. అందుకే ఇవాళ మన సంగతి పక్కనబెట్టి ప్రభుత్వం సంగతి మాట్లాడుకుందాం.

ఎవరైనా లావెక్కితే వెంటనే ‘నోరు కట్టుకో’ అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద అది 24 శాతం. ఇంతమందికి ఒక్కసారే నోరు అదుపు తప్పిందంటే నేను నమ్మను. మారింది అంగడి.

బడి గేటు దాటి నాలుగడుగులు వేయండి. దండల్లా వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లు కనిపిస్తాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడికి 50 మీటర్ల లోపల అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. టేపు పట్టుకుని కొలిచే నాథుడేడీ? అంగడాయన్ని నేను తప్పుపట్టను. అరటిపండు రెండురోజుల్లో నల్లబడుతుంది, చిప్స్ ప్యాకెట్ నెలల తరబడి నిలవుంటుంది. ఆయన లెక్క ఆయనది.

ఇక పన్నుల సంగతి. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి గారు వంటనూనె పది శాతం తగ్గించుకోమని రేడియోలో చెప్పారు. మంచి మాటే. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్ ప్యాకెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది! పండక్కి ధరలు తగ్గాయని మనమూ సంబరపడ్డాం లెండి.

కూల్‌డ్రింకుల మీద 40 శాతం ఉంది కదా అంటారు. ఉంది. కానీ చక్కెర దండిగా ఉన్నదానికీ, అసలు లేనిదానికీ ఒకటే పన్ను. అలాంటప్పుడు కంపెనీవాడు చక్కెర ఎందుకు తగ్గిస్తాడు? బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి పన్నును చక్కెరకు ముడిపెట్టారు. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు దాటితే ఒక రేటు, 8 దాటితే ఇంకా ఎక్కువ. ఆ గడువు రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించుకున్నాయి. మన దగ్గర మామూలు కోలా సీసా తిప్పి, భూతద్దం పెట్టుకుని చదవండి: 100కి 10, 11 గ్రాములు. పావులీటరు తాగితే ఐదారు చెంచాల చక్కెర లోపలికి పోయినట్టే. ఆ మాట సీసా ముందువైపు, పెద్దక్షరాల్లో, తెలుగులో ఉండాలి. చిలీ దేశంలో 2016 నుంచే ప్యాకెట్ల ముందువైపు ‘చక్కెర ఎక్కువ’ లాంటి హెచ్చరికతో నల్లటి ముద్రలు వేస్తున్నారు. మన దగ్గర తిండి ఎంత మంచిదో చెప్పే నక్షత్రాల రేటింగ్ ప్యాకెట్ల మీద పెడదామని 2022లో ముసాయిదా తెచ్చారు. అపాయాన్ని నక్షత్రాలతో చెప్పడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

రేషన్ గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. 1983లో రామారావు గారి రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో కడుపులు నింపింది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ మన ఉదయగిరి మెట్టలో సజ్జలు, జొన్నలు తిన్న ఇళ్లల్లో ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. చౌకగా ఇచ్చేదే జనం తింటారని సర్కారే నిరూపించింది. ఆ చౌకధర కందిపప్పుకీ సజ్జలకీ నిలకడగా ఇచ్చి చూడమంటున్నా.

ఇవన్నీ ఢిల్లీలో, అమరావతిలో తేలేవి. 50 మీటర్ల నిబంధన మాత్రం ఇక్కడే, మన ఊళ్లోనే అమలు చేయొచ్చు. మున్సిపల్ కమిషనర్ గారికీ, జిల్లా ఆహార భద్రతా అధికారికీ ఇవ్వడానికి అర్జీ రాసి తెచ్చాను. టీ తాగేలోపు సంతకాలు పెట్టండి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చొద్దాం.